బిడ్డ మనస్సునకు మాట కావలెను

మన ఆలయమున ఆదివారము ఉదయము జరుగు తెలుగు తరగతిలో ఆ మధ్య నొక చిన్న సంగతి జరిగినది. అది మా పొరపాటునకు సంబంధించినది. దాచుకొనుటకంటె ఈ పత్రికాముఖమున చెప్పుకొనుటయే మేలని తలచి వ్రాయుచున్నాము.

ఆనాటి పాఠము "మా కుటుంబము". పిల్లలకు కాగితములును, రంగు పెన్సిళ్లును ఇచ్చి, మీ ఇంటివారి బొమ్మలు గీసి క్రింద వారి వరుసలు తెలుగున వ్రాయుడని చెప్పితిమి. ఎనిమిదేండ్ల బాలిక యొకతె తన కాగితముపై ఒక ముసలమ్మను, ఒక పిల్లిని, తనను గీసి పెన్సిలు క్రింద పెట్టినది. మాలో నొకరు ఆమె వెనుక నిలిచి, "నాన్నను గీయలేదేమమ్మా? అమ్మేదీ? బొమ్మ పూర్తి చెయ్యి తల్లీ" అని ప్రేమతోడనే చెప్పిరి. పాప కొంతసేపు ఊరకుండి, ఒక పురుషుని బొమ్మను, ఒక స్త్రీ బొమ్మను చేర్చినది. ఆ రెండు బొమ్మలకును కన్నులు లేవు, నోరు లేదు. మేము చాల బాగున్నదని మెచ్చుకొని కాగితముమీద బంగారు నక్షత్రము నంటించితిమి.

మరుసటి ఆదివారము ఆ పాప రాలేదు. ఆ పై వారమును రాలేదు. శనివారము గుడికి వచ్చిన అమ్మమ్మగారిని అడుగగా, "దానికి కడుపునొప్పి బాబూ, ఆదివారం పొద్దున్నే వస్తోంది, మధ్యాహ్నానికి తగ్గిపోతోంది" అని చెప్పి నవ్విరి. ఆ ఇంటి పరిస్థితి మాకు అప్పుడు తెలిసినది. ఆ తల్లిదండ్రులు వేరుపడి యేడాది దాటినది. ఎవరెక్కడ నున్నారో ఆ బిడ్డకు సరిగా చెప్పినవారు లేరు. చెప్పినవారు లేని సంగతినే మేము బొమ్మ గీయుమంటిమి.

ఆ బాలిక అబద్ధమాడలేదు. మనస్సులోని నొప్పికి పేరు తెలియని బిడ్డకు కడుపే నొచ్చును. ఇది పిల్లల వైద్యులెల్లరు ఎరిగిన విషయము. మా బాధ మరియొకటి. ఆ పాపకు మేము రెండు సంవత్సరములలో మామిడిపండు, అరటిపండు, అనాసపండు మొదలుగా ఇరువది పండ్ల పేర్లు నేర్పితిమి. రంగులు నేర్పితిమి, వారములు నేర్పితిమి, నూరువరకు లెక్క నేర్పితిమి, శ్లోకములు పది నేర్పితిమి. "బెంగ" అను మాటను నేర్పలేదు. ఆ మాట ఆ పాపకు వచ్చియున్నచో, "నాకు బెంగగా ఉంది అమ్మమ్మా" అని యుండెడిదేమో. అమ్మమ్మగారికి ఆ మాట అర్థమగును. కడుపునొప్పికైతే ఆమె వాముకషాయము పెట్టినది.

తెలుగులో మనస్సునకున్న మాటల సంపద సామాన్యమైనది కాదు. దూరమైనవారిని తలచుకొని కలుగునది బెంగ. ఏమో కానున్నదని గుండెలో బరువుగా కూర్చుండునది దిగులు. క్రొత్తవారిని చూచినప్పటిది బెరుకు. పెద్దల యెదుట నోరు పెగలనీయనిది జంకు. ఇష్టము లేకున్నను కాదనలేకపోవుట మొహమాటము. ఆటలో ఓడి, తప్పు తనదేయని తెలిసియు ఎదుటివానిపై విరుచుకుపడజేయునది ఉక్రోషము. పదిమందిలో తన పేరు పిలువకున్నచో చిన్నబుచ్చుకొనుట. వీనిలో అలక మిక్కిలి చిత్రమైనది. అది వట్టి కోపము కాదు, బుజ్జగించువారున్నారను నమ్మకముతో చేయు కోపము. బుజ్జగించువారు లేని యింట బిడ్డ అలుగదు. నంది తిమ్మన పారిజాతాపహరణ కావ్యమునకు సత్యభామ అలకయే ప్రాణము. మన పండుగలలో కూచిపూడి భామాకలాపము ఆడినప్పుడు ఆ జడ విసరు చూచి నవ్వనివారు లేరు. అయినను అలక అను మాటను తరగతిలో పాఠముగా చెప్పవలెనని మాకెన్నడును తోచలేదు.

నేడు మన పిల్లలు ఈ మాటలన్నిటికిని బదులుగా వాడునవి రెండు: శాడ్, యాంగ్రీ. ఇది ఆంగ్లభాష లోపమని మా అభిప్రాయము కాదు. మలయు భాష లోపమంతకంటె కాదు. ఆ భాషలో అలుగుటకు మెరాజుక్ అనియు, బుజ్జగించుటకు పుజుక్ అనియు ఎంతటి చక్కని మాటలున్నవో పొరుగింటి మలయు అమ్మలను అడిగిన తెలియును. ఏ భాషకు ఆ భాష తన యింట నిండుగానే యుండును. మన పిల్లలు మూడు నాలుగు భాషల గుమ్మములలో నిలిచి, దేని లోపలి గదికిని పోలేకున్నారు. బడిలో ఒక భాష, ఆటలో ఒకటి, ఫోనులో ఒకటి, గుడిలో ఒకటి. ప్రతి భాషలోను పండ్ల పేర్లు వచ్చును. బాధ పేరు ఏ ఒక్క భాషలోను రాదు.

2015లో వచ్చిన "ఇన్‌సైడ్ అవుట్" అను బొమ్మల చలనచిత్రమును మన పిల్లలు చాలమంది చూచినారు. ఒక బాలిక తలలో సంతోషము, దుఃఖము, భయము, జుగుప్స, క్రోధము అను ఐదుగురు కూర్చుండి ఆమెను నడుపుచుందురని దాని కథ. పెద్దవారిలో కొందరు అది పాశ్చాత్యుల పిల్లచేష్టయని పెదవి విరిచిరి. అట్లు విరువ నక్కరలేదు. భరతముని నాట్యశాస్త్రమున చెప్పిన స్థాయీభావములు ఎనిమిది: రతి, హాసము, శోకము, క్రోధము, ఉత్సాహము, భయము, జుగుప్స, విస్మయము. ఆ చిత్రములోని ఐదుగురును ఇంచుమించుగా ఈ యెనిమిదింటిలో నున్నవారే. నాట్యము నేర్చుకొను మన బాలికలు ఈ భావములను కన్నులతోను, కనుబొమలతోను అభినయించి బహుమతులు తెచ్చుకొనుచున్నారు. భయమును వేదికమీద చూపగల పిల్ల, నిజముగా భయపడినప్పుడు ఎవరికి చెప్పవలెనో తెలియక దిండులో ముఖము దాచుకొనుచున్నది. మన యింటనున్న ధనమును మనము అలంకారముగానే వాడుకొంటిమి.

ఈ విషయమున ప్రభుత్వము ఊరకున్నదని చెప్పుటకు వీలులేదు. కుటుంబజీవనమునకు, శరీర ధర్మములకు సంబంధించిన పాఠములు మన దేశమున 1989లో మాధ్యమిక పాఠశాలలలోను, 1994లో ప్రాథమిక పాఠశాలలలోను చేరినవి. 2011లో ప్రాథమిక విద్యకు క్రొత్త ప్రణాళిక వచ్చినప్పుడు, మలయు బడులలో పెండిడికన్ కెసిహాతన్ అనియు, తమిళ బడులలో నలక్కల్వి అనియు పిలువబడు ఆరోగ్యవిద్యలో మొదటి తరగతినుండియే వీనిని క్రమముగా నేర్పుట ప్రారంభమైనది. శరీర సంరక్షణ, మత్తుపదార్థములు, మనస్సును ఉద్రేకములను దిద్దుకొనుట, కుటుంబము, పరస్పర సంబంధములు, రోగములు, భద్రత అనునవి అందలి విభాగములు. మీ పిల్లల పుస్తకసంచిలోనుండి ఆ పుస్తకము నొకసారి తీసి చూడుడు. సెంతుహన్ సెలామత్, అనగా కీడులేని స్పర్శ, దానికి ఎదురైనది ఎట్టిదో బొమ్మలతో చెప్పిన పుటలు కనిపించును. చిన్న పిల్లలకు తగినట్లు మర్యాదగా వ్రాసిన పుటలే యవి. ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థయైన యునెస్కో 2009లో ప్రకటించి 2018లో సవరించిన మార్గదర్శకము కూడ ఇట్టి విద్యను ఐదేండ్ల వయస్సునుండియే మొదలిడవలెననియు, మొట్టమొదటి పాఠము కుటుంబము, స్నేహము మొదలగు సంబంధములే కావలెననియు చెప్పుచున్నది.

మరి గుడితో పనియేమి? బడి చూచుకొనుచున్నది కదా? అని అడుగువారున్నారు. ప్రాథమిక తరగతులలో ఈ పాఠమునకు లభించునది వారమునకు అరగంట. తరగతిలో ముప్పదిమంది. పుస్తకము బొమ్మ చూపును. బిడ్డ ఆ రాత్రి ఇంటికి వచ్చి నాన్నమ్మ ప్రక్కన పడుకొనును. నాన్నమ్మకు ఆ పుస్తకపు భాష రాదు, బిడ్డకు నాన్నమ్మ భాషలో ఆ మాటలు రావు. నడుమ నున్న ఈ చిన్న కాలువను దాటించు పడవ కావలెను. ఆ పని చేయుటకు మన దీవిలో తెలుగు కుటుంబములకు ఆదివారపు తరగతికంటె తగిన చోటు మాకు కనబడుటలేదు.

ఇక్కడ మన గతమును కొంచెము తలచుకొనవలెను. ఈ మౌనము నిన్న మొన్న పుట్టినది కాదు. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములనుండి మన పూర్వులు ఓడలెక్కి వచ్చి, దిగువ పేరాక్‌లో బాగన్ దాతో కొబ్బరి తోటలయందును, కెడా, జొహోరు మొదలగు చోట్ల రబ్బరు తోటలయందును పనికి కుదిరిరి. చీకటితో లేచి చెట్లు గీయుటకు పోవు తల్లి తన చంటిబిడ్డను ఆయా కొట్టమున విడిచి పోయెడిది. 1923 నాటి కార్మిక స్మృతి, బడియీడు పిల్లలు పదిమందియున్న తోటలో యజమాని బడి పెట్టవలెనని విధించినది. చాలచోట్ల తోట గుమాస్తాయో, కంగాణియో పంతులైనాడు. అక్షరములును, కూడికలును వచ్చినవి. అదియు గొప్పయే, దానిని చిన్నచేసి చెప్పుట మా యుద్దేశము కాదు. కాని సాయంకాలము కల్లు దుకాణమునుండి వచ్చు తండ్రి అడుగుల చప్పుడును బట్టి ఆనాడు ఇంట ఎట్లుండవలెనో తెలిసికొను విద్యను, ఆ వరుస ఇండ్లలోని పిల్లలు అక్షరములకంటె ముందే నేర్చిరి. ఆ విద్యకు పుస్తకము లేదు, దానిని గూర్చి మాటలాడినవారును లేరు.

ఆ పైన యుద్ధము వచ్చినది. 1942, 1943 సంవత్సరములలో జపానువారు సయాం, బర్మాల నడుమ రైలుమార్గము వేయుటకు మలయా తోటలనుండి తమిళులను, తెలుగువారిని వేలకొలది తరలించుకొనిపోయిరి. మిక్కిలి మంది తిరిగిరాలేదు. ఆ ఇండ్లలో మిగిలిన స్త్రీలు మరునాడు చెట్లు గీయుటకే పోయిరి. ఏడ్చుటకు కాలము లేదు, విన తీరికగలవారు లేరు. మా చిన్నతనమున తోటలలో "సయాంకు పోయినాడు" అను మాటయొకటి వింటిమి. ఆ మాట చెప్పి ముసలివారు తమలపాకు నోట పెట్టుకొనెడివారు. తరువాత ఏమియు అడుగరాదని మాకు ఎవరును చెప్పకయే తెలిసియుండెను. అట్టి తరము పెంచిన తరము మనది. తోటలు విడిచి పట్టణములకు వచ్చితిమి, ఫెర్రీ దాటి యీ దీవికి చేరితిమి, ఇండ్లు కొంటిమి, పిల్లలను చదివించితిమి. అడుగరాదను అలవాటును మాత్రము మూటలో కట్టుకొని వెంట తెచ్చుకొంటిమి.

ఈ పాఠములను గుడి తరగతిలో చేర్చుటకు వచ్చు ఆక్షేపణలను మేము విననివారము కాము. శరీరమునకు సంబంధించిన మాటలు దేవుని సన్నిధిలో ఏలయని కొందరి శంక. గర్భాలయమున చెప్పుమని ఎవరును అనుటలేదు, వెనుక మందిరమునకు తలుపులున్నవి, కిటికీలున్నవి. అంతకంటె బలమైన శంక రెండవది. పిల్లలకు ఇట్టివి నేర్పినచో పెద్దలమాట వినరు, ఎదురు చెప్పుదురు, మన సంప్రదాయము చెడునని. దీనికి మాత్రము నిలిచి సమాధానము చెప్పవలెను.

ఏటేట నృసింహ జయంతికి ప్రహ్లాదుని కథను మన పిల్లలచేతనే ఆడించుచున్నాము. ఆ కథను మరల ఒకసారి తలచుకొందము. చండామార్కుల వద్ద చదువుకొని వచ్చిన కుమారుని హిరణ్యకశిపుడు తొడపై కూర్చుండబెట్టుకొని, నేర్చినదానిలో ఏది మేలో చెప్పుమని ముద్దుగానే అడిగెను. బిడ్డ తన మనస్సులోనున్నది దాచక చెప్పెను. తండ్రి వినలేకపోయెను. పోతనగారి సప్తమస్కంధమంతయు, ఒక బిడ్డ నిజము చెప్పగా తండ్రి వినలేకపోయిన కథయని చెప్పినను తప్పులేదు. ఆ బిడ్డ తండ్రిని దూషింపలేదు, చేయి యెత్తలేదు, కాదన్నదానిని కాదనియే అనెను. భక్తిని గూర్చి ఆ కథ చెప్పునదంతయు సత్యమే. దానితోపాటు, పెద్దవాడు తప్పుడు పని చేయుమన్నప్పుడు బిడ్డ "చేయను" అనవచ్చుననునది కూడ అందే యున్నది. ఆ రెండవదానిని మనము ఇన్నాళ్లు పిల్లలకు విప్పి చెప్పలేదు. చెప్పినచో మన మాటకే కాదందురేమోయని మన జంకు.

తల్లిదండ్రులకు వేరొక కథ కలదు. కఠోపనిషత్తున నచికేతుడు తండ్రిని, నన్నెవరికిచ్చెదవని మరల మరల అడుగగా, ఆయన విసిగి మృత్యువునకిచ్చెదననెను. కోపమున నోరుజారిన మాట. పని తొందరలోనున్నప్పుడు అడిగినదే అడుగు పిల్లవానిని ఇట్టి మాట యేదియు అనని తండ్రి మనలో నున్నచో ముందుకు రావలెను. యముడు మూడు వరములిచ్చినప్పుడు ఆ బాలుడు కోరిన మొదటి వరమేదో మనలో చాలమంది మరచియున్నారు. ఆత్మవిద్య మూడవది. మొదటిది, తన తండ్రి కోపము శాంతింపవలెను, తాను తిరిగి పోయినప్పుడు తన్ను గుర్తించి ప్రసన్నుడై పలుకరింపవలెను అని. మృత్యుద్వారమున మూడు రాత్రులు ఉపవాసముండిన బిడ్డకు, బ్రహ్మజ్ఞానముకంటె ముందు, నాన్న కోపము తగ్గినదా అను చింతయే యుండెను. పిల్లల మనస్సును గూర్చి ఇంతకంటె లోతైన పాఠమును ఏ దేశపు విద్యాశాఖయు వ్రాయగలదని మేము అనుకొనము.

వరుసల సంగతి ఒకటి చెప్పవలసియున్నది. మేనత్త, పిన్ని, పెద్దమ్మ, బాబాయి, మేనమామ అని మనకున్న పిలుపులన్నియు మన దీవిలో అంకుల్, ఆంటీ అను రెండు మాటలలో మునిగిపోయినవి. తండ్రి అన్నయు అంకులే, బడిబస్సు నడుపువాడును అంకులే, నిన్నటివరకు ముఖము తెలియనివాడును అంకులే. మలయులు నేటికిని పాక్ లాంగ్, మాక్ న్గా అని వరుస తప్పక పిలుచుచుండగా మనకే బద్ధకము పట్టినది. వరుస అనునది పిలుపు మాత్రమే కాదు, ఆ మనిషి మనకెంత దగ్గరవాడో, అతనిపై మనకేమి అధికారమో, మనపై అతనికేమి బాధ్యతయో చెప్పు గుర్తు. మేనమామ యని పిలిపించుకొన్నవానికి ఆ పిల్లయెడ ఒక విధి కలదు. అంకులునకు ఏ విధియు లేదు.

అయితే వరుస తెలిసినంతమాత్రమున బిడ్డకు రక్షణ కలిగినట్లు కాదు. కీడు క్రొత్తవానినుండియే వచ్చునని పిల్లలను భయపెట్టుట మన పాత అలవాటు. బిడ్డకు కీడుచేయువాడు చాల సందర్భములలో బిడ్డ ఎరిగినవాడే, ఇంటికి వచ్చిపోవువాడేయని అన్ని దేశముల అనుభవమును చెప్పుచున్నది. కాబట్టి "మామయ్య ఒళ్లో కూర్చో", "తాతయ్యకు ముద్దు పెట్టు" అని ఇష్టములేని బిడ్డను ముందుకు త్రోయుట మానవలెను. మన ఆచారమునందు గౌరవము చూపుటకు తాకవలసిన పనియే లేదు. రెండు చేతులు జోడించి నమస్కరించిన చాలును. ఇంత చక్కని ఏర్పాటు చేతిలో నుండగా బిడ్డ మొహమాటమును మనమే పెంచి, ఆ పిమ్మట ఆ మొహమాటమే వానికి కీడైనప్పుడు ఎందుకు చెప్పలేదని అడుగుచున్నాము.

ఇది ఇష్టాయిష్టముల విషయము మాత్రమే కాదు, చట్టము కూడ నున్నది. బాలలపై జరుగు లైంగిక నేరములను గూర్చి 2017లో మన పార్లమెంటు చేసిన 792వ చట్టము ప్రకారము, అట్టి నేరమును గూర్చి తెలిసియు పోలీసులకు తెలుపనివారికి 5,000 రింగిట్లవరకు జరిమానా విధింపవచ్చును. తరగతి నడుపువారికిని, ఆలయ కార్యవర్గమునకును, బంధువులకును ఇది సమానముగా వర్తించును. పరువుకొరకు నలుగురు పెద్దలు కూర్చుండి లోలోపల సర్దుబాటు చేయుట ధర్మము కాదని మేము ఎల్లప్పుడును అనుకొనుచుంటిమి, ఇప్పుడది న్యాయసమ్మతమును కాదు. తాలియన్ కాసెహ్ అను ప్రభుత్వ సహాయ కేంద్రమునకు 15999 సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను ఫోను చేయవచ్చును. ఆ అయిదంకెలు మీ యింటి పంచాంగము ప్రక్కన వ్రాసి పెట్టుకొనుడు.

ఇక తరగతికి కావలసిన సాధనములను గూర్చి. దుకాణములలో భావముల చిత్రపటములని అమ్ముచున్నవి కొన్ని తెప్పించి చూచితిమి. కాగితము మేలురకము. కాని అందలి పిల్లవాడు మంచులో నిలిచి యుండును, అతని తాత వేరొక ఊరిలో కుక్కతో నుండును. మన పిల్లలకు తమ ముఖమే కనబడవలెను. ఫెర్రీ రేవున తండ్రికొరకు చూచుచున్న బిడ్డ, పాయసము పంపిణీలో తనవరకు రాక అయిపోయినప్పటి ముఖము, అన్నకు దీపావళి చొక్కా పెద్దదగుటచే అది తనకు వచ్చిన తమ్ముడు, ఆసుపత్రిలోనున్న నాన్నమ్మ మంచము ప్రక్క నిలిచిన పిల్ల. ఇట్టి చిత్రములు ఇరువదినాలుగు మన యువకులలో బొమ్మలు వేయగలవారు ఇప్పటికే గీయ మొదలిడిరి. క్రింద మాట వ్రాయలేదు. ఆ మాట పిల్లలు చెప్పవలెను, ఒకే చిత్రమునకు ఇద్దరు రెండు మాటలు చెప్పినచో రెండును ఒప్పే.

చిత్రములకంటె మాకు ఆశ గలది గుడ్డబొమ్మలయందు. స్త్రీల సమాజమువారు పాత చీరలతో నాలుగు కుట్టి యిచ్చిరి. "నీకేమైనది?" అని అడిగిన బిడ్డ నోరు మూసికొనును. బొమ్మను చేతికిచ్చి "దీనికేమైంది?" అని అడిగిన, అది రాత్రి అన్నము తినలేదనియు, ఇంట కేకలు వినబడినవనియు బొమ్మను గూర్చి చెప్పును. విన్నవారు వెంటనే బోధ చేయరాదు, కథను సరిదిద్దరాదు. ఇది మాకు మిక్కిలి కష్టముగా నున్నది. ఉపన్యాసములకు అలవాటుపడిన నోరు మాది.

తలుపువద్ద ఉత్తరముల పెట్టె పెట్టి పిల్లలు తమ మాటలు వ్రాసి వేయవచ్చునని ఒకరు సూచించిరి. దానిని మేము ప్రస్తుతమునకు వలదంటిమి. పెట్టె పెట్టుట సులభము, అందులో నిజముగా ఒక ఉత్తరము పడిన దినమున దానిని చదివి, ఆ సాయంకాలమే కదలగలవారు మనలో సిద్ధముగా నుండవలెను. అట్టి శిక్షణ పొందినవారు కనీసము ఇద్దరు లభించువరకు ఖాళీ పెట్టె పిల్లలకు చేయు మోసమగును.

పరీక్షలు, మార్కులు ఉండవు. 2018లో ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలలో ఆనందమును గూర్చిన పాఠ్యక్రమమును ప్రవేశపెట్టినప్పుడు దానికి పరీక్ష లేకుండ చేసిరి, అది తెలివైన పని. బెంగను గూర్చి వ్యాసము వ్రాయించి మొదటి బహుమతి ఇచ్చుట మన సంఘములకు సహజముగా తోచు విషయము కనుక ముందే చెప్పుచున్నాము. అందుకు మారుగా ఒక చిన్న పుస్తకము ప్రతి బిడ్డకు నిత్తుము. వారమునకొక మాట, దిగులు, జంకు, ముచ్చట, అలక, ఇట్లు. ఆ మాటను ఇంటికి తీసికొనిపోయి ఇంటిలో అందరికంటె పెద్దవారిని "ఇది నీకు ఎప్పుడు కలిగింది?" అని అడిగి రావలెను. వ్రాయనక్కరలేదు, అడిగిన చాలును. మొదటి వారమున బెంగ అను మాటను పంపితిమి. మరుసటి ఆదివారము ఒక బాలుడు వచ్చి, తన ముత్తాత సయాంకు పోయినాడట, ఆ సంగతి చెప్పుచు తాతయ్య యేడ్చినాడట, తానెన్నడును తాతయ్య యేడ్చుట చూడలేదని చెప్పెను. నీవేమి చేసితివని మేమడుగగా, ప్రక్కన కూర్చున్నాననెను.

తరగతి ఆదివారము ఉదయము తొమ్మిదిన్నరనుండి అరగంట, మామూలు తెలుగు పాఠమునకు ముందు జరుగును. గదిలో ఎల్లప్పుడును ఇద్దరు పెద్దలుందురు, తలుపు తెరచియుండును. బోధించువారెవరును పిల్లలకు విడిగా ఫోను సందేశములు పంపరు. చిత్రములను, బొమ్మలను వచ్చు శనివారము సాయంకాలము విష్ణుసహస్రనామ పారాయణ మైన పిమ్మట వెనుక మందిరమున బల్లపై పరచి యుంచెదము. తల్లిదండ్రులు ముందుగా చూచి, తగదని తోచినదానిని తీసి ప్రక్కన పెట్టి, కారణము మాతో చెప్పవలెను. తండ్రులు కూడ రావలెనని ప్రత్యేకముగా కోరుచున్నాము. ఇట్టి వానికి తల్లులను పంపి తాము కాఫీ వద్ద నిలుచుట మనకు అలవాటు.

ఆ పాప వచ్చుచున్నదా యని కొందరు అడుగుచున్నారు. రెండు వారములుగా వచ్చుచున్నది. బంగారు నక్షత్రమంటించిన ఆ పాత కాగితమును మేము ఆమెకు తిరిగి యిచ్చి, పొరపాటు మాదని చెప్పి, క్రొత్త కాగితమిచ్చితిమి. ఈసారి పాఠమునకు "మా ఇంట ఉండువారు" అని పేరు పెట్టితిమి. ముసలమ్మను, పిల్లిని గీసినది. పిల్లి చాల పెద్దదిగా వచ్చినది, దాని పేరేమని అడిగితిమి, చెప్పినది.